నల్ల తెరను చూసి జంకనక్కర లేదు!

పది మాటలు నేర్చుకుంటే చాలు, కంప్యూటరు చెప్పినట్టు వింటుంది

బాసర: పిల్లలకు అక్షరాభ్యాసం చేయించడానికి ఊళ్ళ నుంచి తల్లిదండ్రులు తరలివచ్చే ఈ గోదావరి ఒడ్డు క్షేత్రంలో 2008 నుంచి మరో చదువుల నిలయం కూడా నడుస్తోంది. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ ఏడాది రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పి, నూజివీడు, ఇడుపులపాయలతో పాటు బాసరలోనూ దాని ప్రాంగణం పెట్టింది. జనం నోట అది ‘బాసర ట్రిపుల్ ఐటీ’. నాటి ఆదిలాబాద్ జిల్లాలో వెలసిన ఈ విద్యాలయం 2016 నుంచి నిర్మల్ జిల్లా పరిధిలోకి వచ్చింది. పదో తరగతి ఫలితాలను బట్టి సీట్లు ఇచ్చి, పల్లెటూళ్ళ పిల్లలకు ఆరేళ్ళపాటు చదువు చెప్పాలన్నది దీని ఉద్దేశం. మొదటి రెండేళ్ళు ఇంటర్ స్థాయి చదువు, ఆ తరువాత నాలుగేళ్ళు ఇంజనీరింగు. కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారాన్ని 1994లో పంచుకున్న చిత్తూరు జిల్లా బిడ్డ ఆచార్య రాజ్ రెడ్డి దీనికి తొలి కులపతిగా వ్యవహరించారు.

ఒక్క బాసరే కాదు. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో 2007లో, మంథని ప్రాంతంలో 2010లో జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కాలేజీలు వచ్చాయి. కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. ఒకప్పుడు హైదరాబాదు పోతే గాని దొరకని కంప్యూటరు చదువు ఇప్పుడు బస్సెక్కి వెళ్ళి వచ్చేంత దగ్గరికి చేరింది.

అయితే చదువు దగ్గరికి వచ్చినంత మాత్రాన భయం దూరం కాలేదు. సర్కారు బడిలో, తెలుగు మీడియంలో పదో తరగతి దాటిన పిల్లవానికి కంప్యూటరు ముందు కూర్చోగానే ఎదురయ్యే మొదటి చిక్కు నల్ల తెర. దాని మీద బొమ్మ లేదు, బొత్తాము లేదు. మిణుకు మిణుకుమనే చిన్న గీత ఒక్కటే ఉంటుంది. ఏం రాయాలో తెలియదు. ఏదో ఒకటి రాస్తే ఇంగ్లీషులో తప్పని చెబుతుంది. ఇది పట్నం పిల్లలకు, ఇంగ్లీషు మీడియం పిల్లలకు తప్ప తమకు రాదని అక్కడే చతికిలబడే వారు ఉన్నారు. నిజానికి ఆ నల్ల తెరకు కావలసిన ఇంగ్లీషు చాలా కొంచెం. మొదలుపెట్టడానికి పది పొట్టి మాటలు సరిపోతాయి. అవి పట్నం పిల్లవానికీ పుట్టుకతో వచ్చినవి కావు. అందరూ మొదటి నుంచి నేర్చుకోవలసినవే.

పల్లికాయ సామెత

ఈ నల్ల తెర వెనుక పనిచేసే దాన్ని ‘షెల్’ అంటారు. షెల్ అంటే పొట్టు. పల్లికాయకు లోపల గింజ, పైన పొట్టు ఉన్నట్టే కంప్యూటరులోనూ రెండు పొరలు ఉంటాయి. లోపలి గింజను ‘కెర్నెల్’ అంటారు. డిస్కు, తెర, కీబోర్డు, ఇతర పరికరాలు అన్నీ దాని చెప్పుచేతల్లో ఉంటాయి. మనిషి నేరుగా ఆ గింజను తాకలేడు. పైనున్న పొట్టుకు ఒక మాట చెబితే, అది అర్థం చేసుకుని లోపలికి చేరవేస్తుంది, వచ్చిన జవాబును తెర మీద పెడుతుంది.

మౌసుతో బొమ్మల మీద నొక్కడం కూడా ఆజ్ఞ ఇవ్వడమే. కాని ఎవరో గీసిపెట్టిన బొమ్మలున్నంత వరకే ఆ పద్ధతిలో పని సాగుతుంది. హోటల్లో పలక మీద రాసిన పదార్థాల్లోంచి ఒకటి అడగడం లాంటిదది. షెల్‌లో రాయడమంటే వంటింట్లోకి వెళ్ళి మనకు కావలసింది మనమే చేసుకోవడం. పొయ్యి వెలిగించడం వచ్చిన వారికి ఎన్ని రకాలైనా చేసుకునే వీలుంటుంది. వేలు కాలకుండా చూసుకోవలసిన బాధ్యతా వారిదే.

యాభై ఏళ్ళకు పైబడిన విద్య

ఇది నిన్న మొన్న పుట్టిన విద్య కాదు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనే ఇద్దరు 1969లో ‘యునిక్స్’ను మొదలుపెట్టారు. దానికి 1971లో తొలి షెల్‌ను థాంప్సన్ రాశారు. తరువాత స్టీఫెన్ బోర్న్ రాసిన మెరుగైన షెల్ 1979లో వెలువడింది. 1989లో బ్రయన్ ఫాక్స్ దాని బాటలోనే మరొకటి రాసి ‘బాష్’ అని పేరు పెట్టారు. ఆ పేరులో ఒక చమత్కారం ఉంది. బోర్న్ అనే ఇంటిపేరు, పుట్టడం అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట పలకడంలో ఒకేలా ఉంటాయి. అందుచేత ‘బోర్న్ ఎగెయిన్ షెల్’ అంటే బోర్న్ గారి షెల్ అనీ, తిరిగి పుట్టిన షెల్ అనీ రెండు అర్థాలు వస్తాయి.

1991లో ఫిన్లాండు దేశంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ విద్యార్థి ‘లైనక్స్’ను లోకానికి ఇచ్చాడు. దీన్ని ఎవరైనా పైసా చెల్లించకుండా వాడుకోవచ్చు, నకలు తీసి పంచవచ్చు, లోపల ఎలా ఉందో విప్పి చూసి మార్చుకోవచ్చు. పల్లెల్లో చాలామంది చేతుల్లో ఉన్న ఆండ్రాయిడ్ సెల్‌ఫోనుకు లోపలి గింజ ఈ లైనక్సే. లోకంలోని 500 మేటి సూపర్ కంప్యూటర్ల పట్టికలో 2017 నవంబరు నుంచి అన్నీ లైనక్సు మీద నడిచేవే. మంచిర్యాల పిల్ల నేర్చుకునే పది మాటలు ఆ పెద్ద యంత్రాల మీదా అదే తీరుగా పనిచేస్తాయి.

మొదటి పది మాటలు

ఇక్కడ చుక్కలు పెట్టి రాసిన పొట్టి మాటలను కంప్యూటరులో చుక్కలు లేకుండా, ఇంగ్లీషు చిన్న అక్షరాలతో రాసి ‘ఎంటర్’ మీట నొక్కాలి. పెద్ద అక్షరం వేరు, చిన్న అక్షరం వేరు అని లైనక్సు పట్టింపు.

మొదటిది పి.డబ్ల్యు.డి. రోడ్లు వేసే పాత శాఖ పేరు గుర్తుకు వస్తుందేమో గాని, ఇక్కడ అది ‘నేను ఎక్కడ ఉన్నాను?’ అనే ప్రశ్న. కంప్యూటరులో ఫోల్డర్లు జిల్లా, మండలం, ఊరు, వాడ లాగా ఒకదానిలో ఒకటి ఉంటాయి. మనం నిలబడిన చోటు చిరునామాను ఈ మాట మొత్తం చెబుతుంది.

రెండోది ఎల్.ఎస్. ఆ చోట ఏమేమి ఉన్నాయో జాబితా చూపుతుంది. మూడోది సి.డి. ఒక చోటు నుంచి మరో చోటుకు వెళ్ళడానికి. దాని పక్కన ఖాళీ విడిచి రెండు చుక్కలు పెడితే ఒక మెట్టు పైకి, అంటే ఊరి నుంచి మండలానికి వచ్చినట్టు. నాలుగోది ఎం.కె.డి.ఐ.ఆర్., కొత్త ఫోల్డరు తయారు చేయడానికి. అయిదోది సి.పి., నకలు తీయడానికి. ఆరోది ఎం.వి., ఫైలును ఒక చోటు నుంచి మరో చోటుకు మార్చడానికి, లేదా పేరు మార్చడానికి.

ఏడోది ‘క్యాట్’. పిల్లితో దీనికి సంబంధం లేదు. ఫైలులో ఉన్నదాన్ని తెర మీద చదివి వినిపించినట్టు చూపుతుంది. ఎనిమిదోది ‘ఎకో’, అంటే ప్రతిధ్వని. మనం చెప్పిన మాటనే తిరిగి చెబుతుంది. ఇదేం పని అనిపించినా, తప్పులు పట్టడానికి దీన్ని మించింది లేదు. తొమ్మిదోది ‘గ్రెప్’. వెయ్యి వరసల జాబితాలో ఒక పేరు ఉన్న వరసలను మాత్రమే ఏరి చూపుతుంది. పదోది ‘మ్యాన్’. ఏ మాట గురించి అనుమానం వచ్చినా దీని పక్కన ఆ మాట రాస్తే దాని పుట్టు పూర్వోత్తరాలన్నీ వస్తాయి. చదవడం చాలించి బయటికి రావాలంటే ‘క్యూ’ అక్షరం నొక్కాలి.

వీటికి తోడు మూడు మీటలు గుర్తుంచుకుంటే పని సులువవుతుంది. పేరులో సగం రాసి ‘ట్యాబ్’ నొక్కితే, ఆ అక్షరాలతో మొదలయ్యే పేరు ఒకటే ఉన్నపుడు మిగతా సగం అదే నింపుతుంది. పైకి చూపే బాణం నొక్కితే ఇంతకు ముందు రాసిన ఆజ్ఞ తిరిగి వస్తుంది. పని ఎంతకూ ఆగకపోతే ‘కంట్రోల్’ మీటను పట్టి ‘సి’ నొక్కితే చాలావరకు ఆగుతుంది.

జిన్నింగు మిల్లు వరస

ఈ మాటలు ఒక్కొక్కటీ ఒక్క చిన్న పనే చేస్తాయి. అసలు బలం వాటిని జతచేయడంలో ఉంది. దీన్ని ఆదిలాబాద్ పత్తి రైతుకు వేరే చెప్పనక్కర లేదు. మార్కెట్ యార్డుకు వచ్చిన పత్తి జిన్నింగు మిల్లుకు పోతుంది. అక్కడ గింజ వేరవుతుంది. దూది ప్రెస్సుకు పోయి బేళ్ళుగా మారుతుంది. ఒక యంత్రం నుంచి బయటికి వచ్చిందే రెండో యంత్రానికి లోపలికి పోయే సరుకు. ఏ యంత్రమూ అన్ని పనులూ చేయదు. తన పనిని మాత్రం బాగా చేస్తుంది.

షెల్‌లో ఈ జోడింపునకు గుర్తు ఒక నిలువు గీత. దాన్ని ‘పైపు’ అంటారు. తోటకు నీళ్ళు పెట్టే గొట్టాలను ఒకదానికొకటి తగిలించినట్టు ప్రోగ్రాములను తగిలించగలగాలన్న ఊహ డగ్ మెకిల్‌రాయ్ అనే శాస్త్రజ్ఞునికి 1964లోనే వచ్చింది. 1973లో థాంప్సన్ దాన్ని యునిక్సులో ఆచరణలోకి తెచ్చారు.

ఒక ఉదాహరణ. వడ్ల కొనుగోలు కేంద్రంలో ఒక జాబితా ఉందనుకుందాం. వరసకు ఒక రైతు. రైతు పేరు, కామా, ఊరి పేరు, కామా, సంచుల సంఖ్య. ఏ ఊరి నుంచి ఎంతమంది రైతులు వచ్చారో తేలాలి. కాగితం మీదయితే ఒకరు చదువుతుంటే మరొకరు గీతలు గీయాలి. షెల్‌లో మూడు మాటలు చాలు. ‘కట్’ అనే మాట కామాల దగ్గర కోసి రెండో గడిని, అంటే ఊరి పేర్లను మాత్రమే తీస్తుంది. ‘సార్ట్’ వాటిని వరసలో పెడుతుంది. ‘యునిక్’ ఒకేలా ఉన్న వరసలను కలిపి, పక్కన ‘మైనస్ సి’ అని చేర్చితే ఎన్నెన్ని ఉన్నాయో లెక్క కూడా ఇస్తుంది. మూడింటి మధ్య రెండు నిలువు గీతలు. పది వేల వరసలున్నా జవాబు రెప్పపాటులో వస్తుంది.

ఇక్కడ కొత్తవారు ఒక పొరపాటు చేస్తారు. మధ్యలో ‘సార్ట్’ను విడిచిపెడతారు. అప్పుడు లెక్క తప్పుతుంది. ఎందుకంటే ‘యునిక్’ పక్కపక్కనే ఉన్న ఒకేలాంటి వరసలను మాత్రమే కలుపుతుంది. ఒక ఊరి పేరు పైన ఒకసారి, కింద ఒకసారి ఉంటే రెండు వేరువేరుగా చూపుతుంది. ముందు వరసలో పెట్టడం, తరువాత లెక్కించడం. ఈ క్రమం తెలిసిన వారికి షెల్ సగం వచ్చినట్టే.

రాసిపెట్టిన హుకుం

రోజూ చేసే పనికి రోజూ అవే మాటలు రాయడం దండగ. వాటిని ఒక ఫైలులో వరసగా రాసి పెట్టుకుంటే ఒక్క పేరు చెప్పగానే అన్నీ జరుగుతాయి. అదే ‘స్క్రిప్టు’. సిరిసిల్ల నేతన్నకు ఈ సంగతి కొత్త కాదు. ఫ్రాన్సులోని లియాన్ పట్టణానికి చెందిన జోసెఫ్ మేరీ జకార్డు 1804లో తెచ్చిన మగ్గంలో అట్టలకు పెట్టిన రంధ్రాలను బట్టి పోగులు లేచేవి. అట్టల దండ మారితే నేత పూవు మారుతుంది, మగ్గం అదే. రాసిపెట్టిన ఆజ్ఞను యంత్రం అనుసరించడమన్న ఆ ఊహనే ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రం కోసం తీసుకున్నారు. స్క్రిప్టు కూడా అలాంటి అట్టల దండే.

కొత్తవారు రాయదగిన మొదటి స్క్రిప్టు ఇది. లెక్కల జాబితాకు రోజూ సాయంత్రం ఒక నకలు తీసి, దాని పేరులో ఆనాటి తేదీ చేర్చి, వేరే ఫోల్డరులో దాచిపెట్టాలి. ఇందులో అయిదు వరసలు ఉంటాయి.

మొదటి వరసలో హ్యాష్ గుర్తు, దాని పక్కన ఆశ్చర్యార్థకం, ఆ తరువాత బాష్ ఉండే చోటు రాయాలి. ఈ ఫైలును ఎవరు చదివి నడపాలో చెప్పే చిరునామా ఇది. రెండో వరసలో ఒక పేరు పెట్టుకుని దానిలో ఈనాటి తేదీని ఉంచాలి. దీన్ని ‘వేరియబుల్’ అంటారు. పేరు రాసిన గురిగి లాంటిది. లోపల సరుకు మారుతుంది, పైన పేరు మారదు. మూడో వరసలో నకళ్ళ కోసం ఫోల్డరు తయారు చేయమని చెప్పాలి. ‘మైనస్ పి’ చేర్చితే, ఫోల్డరు ఇదివరకే ఉన్నా గొడవ చేయకుండా ముందుకు పోతుంది. నాలుగో వరసలో సి.పి. మాటతో నకలు. అయిదో వరసలో ‘ఎకో’తో ‘నకలు తీయడం అయింది’ అని చెప్పించాలి. నాలుగో వరస తప్పినా అయిదో వరస నడిచిపోతుంది గనుక, నకలు నిజంగా తీసినపుడే ఆ మాట చెప్పేట్టు రెండు వరసల మధ్య ‘అండ్’ గుర్తును రెండు సార్లు రాసి కలపడం మంచిది.

తేదీని గురిగిలో వేసేటపుడు బరాబరు గుర్తుకు ఇటూ అటూ ఖాళీ విడవరాదు. విడిస్తే, మొదటి మాటను షెల్ ఒక ఆజ్ఞ అనుకుని, అలాంటి ఆజ్ఞ ఏదీ లేదని జవాబు చెబుతుంది. కొత్తవారిని గంటలకొద్దీ తిప్పలు పెట్టే తప్పు ఇది.

రాసిన ఫైలు వెంటనే నడవదు. దానికి నడిచే అనుమతి ఇవ్వాలి. ‘సి.హెచ్.మోడ్’ అనే మాట పక్కన ‘ప్లస్ ఎక్స్’ అని రాసి ఫైలు పేరు చెబితే అనుమతి వస్తుంది. ఆ తరువాత చుక్క, స్లాష్, ఫైలు పేరు రాయాలి. చుక్క అంటే ‘ఈ చోటు’. మనం నిలబడిన చోట ఉన్న ఫైళ్ళను షెల్ తనంతట తాను నడపదు. ఎవరైనా అసలు ఆజ్ఞ పేరుతోనే నకిలీ ఫైలు అక్కడ పెడితే మోసం జరుగుతుందని ఈ జాగ్రత్త. ఇంకో మెట్టు ఎక్కి ‘క్రాన్’ నేర్చుకుంటే, కంప్యూటరు నడుస్తూ ఉన్నంత కాలం, రోజూ సాయంత్రం ఆరు గంటలకు ఆ స్క్రిప్టును అదే నడుపుకుంటుంది.

తరువాతి పాఠాలు రెండు. ‘ఇఫ్’ అంటే ‘అయితే’: జాబితా ఫైలు ఉంటేనే నకలు తీయి, లేకుంటే చెప్పు. ‘ఫర్’ అంటే ‘ఒక్కొక్కదానికీ’: పన్నెండు ఊళ్ళకు పన్నెండు ఫైళ్ళుంటే ఒకే పనిని వరసగా పన్నెండింటికీ చేయి. ఈ రెండూ వస్తే స్క్రిప్టు రాయడంలో ఓనమాలు పూర్తయినట్టే.

తెలుగులోనూ సాగుతుంది

ఆజ్ఞలు ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నా, జాబితాలు తెలుగులో ఉండవచ్చు. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగు లిపికి 128 స్థానాలు కేటాయించారు. అందుచేత ఫైలులో రైతుల పేర్లు తెలుగులో రాసుకున్నా, ‘గ్రెప్’ పక్కన ఊరి పేరు తెలుగులో ఇచ్చినా పని జరుగుతుంది. ఫైలు పేరు కూడా తెలుగులో పెట్టవచ్చు. గురిగి పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి.

ఇంకో వెసులుబాటు ఉంది. ‘ఎలియాస్’ అనే మాటతో ఏ ఆజ్ఞకైనా మారుపేరు పెట్టుకోవచ్చు. బాష్‌లో ఆ మారుపేరు తెలుగులోనూ ఉండవచ్చు. ఎల్.ఎస్. అనడానికి బదులు ‘జాబితా’ అని రాస్తే జాబితా వచ్చేట్టు చేసుకోవచ్చు. కొన్ని తెరల మీద ఒత్తులు, గుణింతాలు చెదిరినట్టు కనిపిస్తాయి. అది తెర లోపమే గాని ఫైలులో అక్షరాలు సరిగానే ఉంటాయి. అక్షరాలు లెక్కపెట్టేటపుడు మాత్రం తికమక పడవద్దు. ‘అమ్మ’ అన్న మాట మనకు రెండక్షరాలు. కంప్యూటరు లెక్కలో అ, మ, పొల్లు, మ అని నాలుగు. వాడుకలో ఉన్న పద్ధతిలో ఒక్కొక్కదానికి మూడు బైట్ల చొప్పున 12 బైట్లు.

హైదరాబాదు కేంద్రంగా పనిచేసే ‘స్వేచ్ఛ’ అనే సంస్థ మెనూలు, మాటలు తెలుగులో కనిపించే లైనక్సును తయారు చేసి పంచింది. తెలుగు మీడియం విద్యార్థికి ఇది మంచి ఆసరా.

తిరిగిరాని మాట

పది మాటలు నేర్చుకున్నాక పదకొండోది నేర్చుకోవాలి. అది ఆర్.ఎం., అంటే తుడిచివేయడం. బొమ్మల పద్ధతిలో పారేసిన ఫైలు చెత్తబుట్టలో ఉంటుంది, కావాలంటే తిరిగి తెచ్చుకోవచ్చు. ఆర్.ఎం.కు చెత్తబుట్ట లేదు. ‘నిజంగా తుడవమంటారా?’ అని మామూలుగా అడగదు. దీనికి నక్షత్రం గుర్తు తోడయితే ఆ చోట ఉన్న ఫైళ్ళన్నీ అని అర్థం.

1998లో అమెరికాలో పిక్సార్ సంస్థ ‘టాయ్ స్టోరీ 2’ అనే బొమ్మల చిత్రం తయారు చేస్తుండగా ఎవరో ఈ ఆజ్ఞను పొరపాటున చిత్రం ఫైళ్ళున్న చోట నడిపారు. చూస్తుండగానే పాత్రలు ఒక్కటొక్కటిగా మాయమయ్యాయి. నకళ్ళు ఉన్నాయి కదా అని వెతికితే అవి సరిగా తయారు కావడం లేదని అప్పుడు బయటపడింది. గేలిన్ సస్మన్ అనే సాంకేతిక దర్శకురాలు పసిబిడ్డను చూసుకుంటూ ఇంటి నుంచే పనిచేసేవారు. ఆమె ఇంటి కంప్యూటరులో ఉన్న నకలు ఆ రోజు చిత్రాన్ని కాపాడింది. 1999లో అది విడుదలయింది. కోట్ల డాలర్ల సంస్థకే ఇలా జరిగినపుడు కొనుగోలు కేంద్రం జాబితా ఏపాటి?

ఇంకో ప్రమాదం ఫైలు పేరులో ఖాళీ. ‘పాత లెక్కలు’ అని ఒక ఫైలు, ‘లెక్కలు’ అని మరో ఫైలు ఉన్నాయనుకుందాం. పాత దాన్ని తుడిచివేద్దామని ఆర్.ఎం. పక్కన పాత లెక్కలు అని ఊరికే రాస్తే, షెల్ దాన్ని రెండు పేర్లుగా తీసుకుంటుంది. ‘పాత’ అనే ఫైలు లేదంటుంది. ‘లెక్కలు’ను తుడిచివేస్తుంది. ఉండవలసింది పోయి, పోవలసింది మిగులుతుంది. పేరును కొటేషను గుర్తుల మధ్య పెడితే ఈ ముప్పు తప్పుతుంది. స్క్రిప్టులో గురిగి పేరు వాడిన చోటా ఇదే నియమం.

అందుచేత మూడు అలవాట్లు మొదటి రోజు నుంచే కావాలి. తుడిచే ముందు అవే పేర్లతో ఎల్.ఎస్. నడిపి ఏమేమి పోతాయో కళ్ళారా చూసుకోవాలి. ఆర్.ఎం. పక్కన ‘మైనస్ ఐ’ చేర్చితే ఒక్కొక్క ఫైలుకూ అడిగి తుడుస్తుంది, అది వాడాలి. నకలు వేరే చోట ఉంచడమే గాక, అది తెరుచుకుంటున్నదో లేదో అప్పుడప్పుడు చూడాలి. ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన ఆజ్ఞను అర్థం తెలియకుండా ఎక్కించి ఎంటర్ నొక్కడం, చదవకుండా కాగితం మీద వేలిముద్ర వేయడం లాంటిదే.

కంప్యూటరు లేనివారి సంగతి

నేర్చుకోవాలని ఉన్నా చేతిలో యంత్రం లేని వారి సంఖ్య తక్కువ కాదు. 2022 జూన్‌లో బాసర విద్యార్థులు దాదాపు వారం రోజులు బైఠాయించి ప్రభుత్వం ముందు పెట్టిన కోర్కెల్లో ల్యాప్‌టాప్‌లు ఇవ్వాలన్నదీ ఒకటి. కంప్యూటరు విద్య కోసం పుట్టిన చోటనే ఈ మాట వచ్చిందంటే మామూలు పల్లె ఇంటి పరిస్థితి చెప్పనక్కర లేదు.

అయితే షెల్ విద్యకు ఖరీదైన యంత్రం అక్కర లేదు. బొమ్మలు లేవు గనుక బరువూ లేదు. పదేళ్ళ నాటి పాత కంప్యూటరు మీద కూడా తేలికపాటి లైనక్సు నడుస్తుంది. విండోస్ ఉన్న కొత్త కంప్యూటర్లలోనూ లైనక్సును పక్కన పెట్టుకునే వీలు ఉంది. కంప్యూటరే లేని వారు ఆండ్రాయిడ్ సెల్‌ఫోనులో ‘టెర్మక్స్’ అనే ఉచిత ఆప్ వేసుకుంటే బాష్ షెల్ అందులోనే వస్తుంది. పైన చెప్పిన మాటలన్నీ దానిలో సాధన చేయవచ్చు. వేలితో రాయడం కొంచెం ఇబ్బందే గాని, ఫోనుకు తగిలించే కీబోర్డు దొరికితే అదీ తీరుతుంది.

నేర్చుకునే క్రమం కూడా కష్టమైనది కాదు. మొదటి వారం పది మాటలు, రోజుకు రెండు చొప్పున. రెండో వారం నిలువు గీతతో జోడింపులు. మూడో వారం నకలు తీసే స్క్రిప్టు. నాలుగో వారం ‘ఇఫ్’, ‘ఫర్’. సాధన కోసం వేరే ఫోల్డరు పెట్టుకుని, అందులో పనికిరాని ఫైళ్ళతోనే ప్రయోగాలు చేయాలి. రోజుకు అరగంట చొప్పున కూర్చుంటే నెల తిరిగేసరికి నల్ల తెర అంటే బెదురు పోతుంది. తెర మీద తప్పు అని వచ్చినపుడు దాన్ని తిట్టుగా తీసుకోరాదు. ఎన్నో వరసలో ఏది తెలియలేదో అందులోనే రాసి ఉంటుంది. దాన్ని నిదానంగా, అవసరమైతే నిఘంటువు పెట్టుకుని చదివిన వారికి దారి దొరుకుతుంది.

సర్కారు బడుల్లో, గ్రంథాలయాల్లో మూలన పడిన పాత కంప్యూటర్లు ఎక్కడైనా ఉంటే, వాటిలో లైనక్సు వేసి సాయంత్రాలు గంటసేపు పిల్లలకు తెరిచి ఉంచడానికి పెద్దగా ఖర్చు కాదు. ట్రిపుల్ ఐటీలో, జె.ఎన్.టి.యు. కాలేజీల్లో చదివే ఆ ఊరి విద్యార్థులు సెలవులకు వచ్చినపుడు నాలుగు రోజులు దగ్గర కూర్చోబెట్టి చెప్పినా సరిపోతుంది. పదో తరగతి పిల్లలు ఈ పది మాటలు నేర్చుకుని వెళితే, బాసరలోనో నాచుపల్లిలోనో నల్ల తెర ఎదురైన రోజు వారికి అది కొత్త ముఖం కాబోదు.